ఊదా రంగు వాళ్ళ కాపురాలు

లెక్కల ఆఫీసు, నగరం
వానలకు ముందు

అక్కా,

నువ్వు కుట్టిచ్చిన తెర నా గది కిటికీకి కట్టాను. కింద జానెడు ఎక్కువైంది. ‘కిటికీ చూడకుండా తెర కుట్టించుకుంటే అంతే మరి’ అని నువ్వు అనడం నాకు ఇక్కడికి వినిపిస్తోంది. మడత పెట్టి కుట్టకుండా అలాగే వదిలేశాను. పొద్దున్నే గాలికి ఆ జానెడు గుడ్డ నేల మీద పాకుతూ నా మంచం దాకా వస్తుంది, మళ్ళీ వెనక్కి పోతుంది. నిద్ర సగమే తేలిన ఆ కాసేపు నేను మన ఇంట్లోనే ఉన్నాననుకుంటాను.

నా ఉద్యోగం ఏమిటని బావ అడిగాడన్నావు. చెప్తాను, ఆయనకు చదివి వినిపించు. మనుషులు ఇంటింటికీ తిరిగి, అడిగి రాసుకొచ్చిన కాగితాలు మా దగ్గరకు వస్తాయి. ఏ మతంలో, ఏ వర్గంలో ఎందరికి పెళ్ళిళ్ళయ్యాయి, ఎందరు విడాకులు తీసుకున్నారు, వాళ్ళలో ఎందరు మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు అన్నది మేం లెక్క కట్టాలి. వర్గాల పేర్లు కనబడితే లెక్కేసేవాళ్ళ మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుందని మా మేడమ్ గారు పేర్లన్నీ తీయించి ఒక్కో వర్గానికి ఒక్కో రంగు పెట్టారు. అందుకని ఇప్పుడు నాకు తెలిసిన జనమంతా రంగులే. పసుపు వాళ్ళు తొందరగా చేసుకుంటారు, తొందరగా విడిపోతారు, కన్నీళ్ళు ఆరకముందే మళ్ళీ చేసుకుంటారు. ఆకుపచ్చ వాళ్ళు ముప్పై దాటేదాకా పెళ్ళి ఊసెత్తరు. ఎరుపులో చదువుకున్నవాళ్ళు ఒకలా ఉన్నారు, చదువుకోనివాళ్ళు ఇంకోలా ఉన్నారు.

ఇక ఊదా వాళ్ళు. వాళ్ళ గడిలో విడాకులు దాదాపు సున్నా. మొదటిసారి చూసినప్పుడు ఎవరో నింపడం మర్చిపోయారనుకున్నాను. ఊదా అంటే ఎవరో నాకు తెలియదు, తెలియకూడదు కూడా. కానీ ఆ కాగితాలు తిరగేస్తుంటే మన మేడ మీద గదే కనబడుతోంది. అమ్మ పోయి నేను మీ దగ్గరకు వచ్చిన కొత్తలో మీరు గదికి అడ్డంగా కట్టిన సముద్రం రంగు తెర గుర్తుందా? నా మంచం సరిగ్గా దాని కిందే ఉండేది. తల బావ వైపు, కాళ్ళు నీ వైపు. అటు బావ గాజుపలకలు తుడుచుకుంటున్న చప్పుడు, ఇటు నీ మిషను చప్పుడు, మధ్యలో నేను. పడవలో పడుకున్నట్టుండేది. ఊదా వాళ్ళ ఇళ్ళన్నీ అలాగే ఉంటాయనుకుంటున్నాను.

నీ చెల్లి

*

కొట్టు పైగది నుంచి

లెక్కలమ్మకు,

జానెడు ఎక్కువైతే మంచిదే. రెండు ఉతుకులకి గుడ్డ ముడుచుకుంటుంది, అప్పుడు చూసుకో. మీ అక్క కొలత తప్పుతుందా?

నువ్వు పలక మీద దిద్దుతుంటే పక్కన చేరి నేర్చుకున్న అక్షరాలివి. తప్పులుంటే సర్దుకో, టీచరమ్మలా ఎర్ర గీతలు పెట్టి తిప్పి పంపకు.

నీ ఉత్తరం పని బల్ల మీద పెట్టాను. మీ బావ కూడబలుక్కుని తనే చదువుకున్నాడు. చదివి అక్కడే పెట్టేసి, పక్కన సుద్దతో రెండు కిటికీల కొలతలు రాసి వెళ్ళాడు. నీకు తెలుసుగా ఆయన పద్ధతి. గాజు బిగించడానికి వెళ్ళిన ఇంట్లో తెరలు కూడా కావాలంటే ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని బల్ల మీద రాస్తాడు. నేను దానికి రెట్టింపు గుడ్డ తీసి కుడతాను. రెట్టింపు తీయకపోతే కుచ్చు రాదు, దుప్పటి ఆరేసినట్టుంటుంది. కుట్టి బల్ల మీద పెడితే ఆయన పట్టుకెళ్ళి కట్టొస్తాడు. కొట్టు బాగానే నడుస్తోంది.

మీ లెక్కలవాళ్ళు మన ఇంటికీ వచ్చారు. నేను మిషను మీదున్నాను, తలుపు మీ బావ తీశాడు. ‘మొగుడూ పెళ్ళాం, ఇద్దరం. మరదలు నగరంలో ఉద్యోగం చేస్తోంది’ అన్నాడు. వచ్చినాయన రాసుకుని, చెమట తుడుచుకుని, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. అంతేనా మీ లెక్క? ఒక కప్పు కింద ఉన్నవాళ్ళంతా కలిసున్నట్టేనా? ఊరికే అడిగాలే.

సముద్రం ఒడ్డున పెద్ద హోటల్ కడుతున్నారట. ఆ హోటలాయన కొట్టుకొచ్చి నా కుట్టు చూశాడు. అన్ని గదులకీ తెరలు కావాలి, దగ్గరుండి కుట్టించే మనిషి కావాలి, మీరొస్తారా అన్నాడు. కిటికీ తీస్తే నీళ్ళేనట. మాటవరసకి చెబుతున్నాను.

వేళకి తిను.

అక్క

*

లెక్కల ఆఫీసు, నగరం
మొదటి వాన పడిన రోజు

అక్కా,

రెండు సంగతులు. ఏది ముందు రాయాలో తెలియక పొద్దున్నుంచీ కలం మూత తీసి పెడుతున్నాను.

ఊదా అంటే మనమే. లెక్క పూర్తయ్యాక మేడమ్ గారు రంగుల వెనక పేర్లు చెప్పారు. నాకు ఒళ్ళు పులకరించింది. మన వాళ్ళలో చదువుకున్నవాళ్ళు లేరు, ఆస్తులు లేవు, ఎవరూ మనల్ని దేనికీ మెచ్చుకోలేదు. ఇందులో మాత్రం అందరికంటే పైన ఉన్నాం. నివేదికలో ఊదా గురించి నాలుగు మాటలు రాయమంటే నేను పేజీ నింపేశాను. ఊరూ పేరూ లేకుండా మీ గురించే రాశాను. గాజులాయన కొలత తెస్తాడు, ఆవిడ కుడుతుంది, మధ్యలో తెర, తెర కింద చెల్లెలి మంచం.

రెండోది. మా ఆఫీసులో అంకెలకి బొమ్మలు గీసే అబ్బాయి ఒకడున్నాడని రాశానా? రాయలేదు. కావాలనే రాయలేదు. నేను ఇచ్చిన లెక్కలతో అతను కొండలూ లోయలూ గీస్తాడు. పసుపు వాళ్ళ కొండ గీస్తూ, ‘ఈ శిఖరం మీద మా అమ్మ కూర్చుంది చూడండి’ అన్నాడు. వాళ్ళు పసుపు. వాళ్ళమ్మకి రెండు పెళ్ళిళ్ళు, రెండు విడాకులు. చేపల మార్కెట్లో ఐసు అమ్ముతుంది. నన్ను తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ చెయ్యి తుడుచుకుని నా గడ్డం పట్టుకుని, ‘మీ వాళ్ళలో విడిపోవడాలుండవటగా. మా వంశంలో స్థిరంగా ఉండేది ఐసుగడ్డ ఒక్కటే, అదీ మధ్యాహ్నం దాకానే. మీ అక్కనీ బావనీ చూడాలమ్మాయ్. ఈ వయసుకైనా ఒక నిలబడ్డ కాపురం కళ్ళారా చూస్తాను’ అంది. వానలు తగ్గాక ఇద్దరూ మన ఇంటికి వస్తారు. నాకు ఇల్లు తప్ప చూపించుకోవడానికి ఏముంది అక్కా?

ఒక చిన్న సందేహం. నేను రాసిన పేజీ చదివి మేడమ్ గారు తెర అన్న మాట కింద గీత గీశారు. ‘ఎందుకు కట్టారు?’ అన్నారు. దీపం వెలుతురు నా కళ్ళలో పడకుండా అన్నాను. ఆవిడ నా వైపు చూసి కాగితం తిప్పేశారు. అందుకేగా కట్టారు?

నీ చెల్లి

*

కొట్టు పైగది నుంచి

తల్లీ,

అబ్బాయి సంగతికి చాలా సంతోషం. ఐసమ్మే అయినా ఆవిడ మాట వెచ్చగా ఉంది. మంచి ఇల్లు.

తెర నీ కోసమే కట్టాం. వెలుతురుకి మాత్రం కాదు.

పెళ్ళయిన రెండో ఏడే మా ఇద్దరికీ తెలిసిపోయింది. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. చెడ్డవాడైతే చెప్పడం తేలికయ్యేది. నాకు మాట కావాలి, ఆయనకి నిశ్శబ్దం కావాలి. నేను నోరు తెరిస్తే గాజు పగులుతుందేమో అన్నట్టు చూసేవాడు. ఆయన మాట్లాడకపోతే నాకు ఊపిరాడేది కాదు. విడిపోదాం, పెద్దవాళ్ళకి చెప్పేద్దాం అనుకున్న వారమే అమ్మ పోయింది. నువ్వు పలక చంకన పెట్టుకుని వచ్చావు.

మావయ్య ఏమన్నాడో నీకెప్పుడూ చెప్పలేదు. ‘మీరిద్దరూ సవ్యంగా ఉంటే పిల్ల మీ దగ్గర ఉంటుంది, బడికి పోతుంది. లేదంటే నేను తీసుకుపోతా, మా ఇంట్లో చాకిరీకి ఇంకో చెయ్యి కావాలి’ అన్నాడు. మీ బావ మారు మాట్లాడకుండా పైకెళ్ళాడు. గది ఈ గోడ నుంచి ఆ గోడకి కొలిచి, కిందికొచ్చి బల్ల మీద సుద్దతో రాశాడు. ఆ కొలత చూడగానే ఇది ఏ కిటికీదీ కాదని నాకు అర్థమైంది. రెట్టింపు గుడ్డ తీశాను. ఉన్నవాటిలో మంచిదే తీశాను.

ఇన్నేళ్ళూ ఆయన అటు, నేను ఇటు. నువ్వు పడవ అనుకున్నావు. పోనీలే, నువ్వు బాగా నిద్రపోయావు. ఆయన నీ స్కూలు చెప్పులు ఏ రోజూ బురదతో ఉండనిచ్చేవాడు కాదు. ఆ మాట మర్చిపోకు. ఆయన మీద కోపం తెచ్చుకోకు.

ఇప్పుడు నువ్వు నీ కాళ్ళ మీద నిలబడ్డావు. నాకు ఆ సముద్రం ఊరు వెళ్ళాలనుంది. ఊరికే కాదు, విడాకులు తీసుకునే వెళ్ళాలనుంది. లేకపోతే అక్కడా ‘మీ ఆయన ఎప్పుడొస్తాడు’ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి కొత్త జవాబులు కుట్టే ఓపిక నాకింక లేదు. ఆయన్ని అడిగాను. తలూపాడు.

కానీ నీ పెళ్ళి ఉంది. ఆవిడ నిలబడ్డ కాపురం చూడటానికి వస్తోంది. ఆగమంటే ఆగుతాను. నీ మాటే.

అక్క

*

లెక్కల ఆఫీసు

అక్కకు,

ఉత్తరం అందింది.

చాలాసార్లు చదివాను. నా చిన్నతనమంతా మీరిద్దరూ నాకు చూపించిన బొమ్మ అని ఇప్పుడు తెలిసింది. ఎవరిని అడిగి చూపించారు?

నేను ఆఫీసులో అందరి ముందూ మీ గురించి చెప్పుకున్నాను. అతనితో చెప్పుకున్నాను. వాళ్ళమ్మ కొత్త చీర కూడా కొనుక్కుంది.

ఆగు. వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా, పెళ్ళయ్యేదాకా ఆగు. ఇన్నేళ్ళు ఆగినదానివి.

చెల్లి

*

కొట్టు పైగది నుంచి

తల్లీ,

సరే. ఆగుతాను.

హోటలాయనకి కబురు చేశాను, వేరే మనిషిని చూసుకోమని. తెర ఉతికి ఇస్త్రీ చేశాను. ఆవిడ వచ్చినప్పుడు దాన్ని గోడవారకి లాగి కట్టేస్తే గది ఒకటిగా కనిపిస్తుంది. మంచాలు కూడా దగ్గరికి జరుపుతాం.

ఇక్కడ ఒకటే వాన. నువ్వు గొడుగు మర్చిపోకు.

అక్క

ఈ కాగితం కింద చోటుంది కాబట్టి రాస్తున్నాను. మీ అక్క కవరు అంటించే పని నాకు చెప్పింది. నేను రాసినట్టు తనకి తెలీదు. నాకు రాయడం రాదు, నీకు తెలుసు. మీ అక్క ఈ నెలంతా నన్ను ఒకటే అడిగింది. ఉప్పుగాలికి ఏ గుడ్డ ఆగుతుంది, గాజు మీద ఉప్పు పేరుకుంటే వెలుతురు ఎలా వస్తుంది అని. ఇన్నేళ్ళలో తను నన్ను ఇష్టంగా అడిగింది అదే. నేను కూడా ఇష్టంగానే చెప్పాను. గాజు కొయ్యాలంటే ఒక్క గీత గియ్యాలి. భయపడి దాని మీదే మళ్ళీ గీస్తే వంకరగా పగిలి చెయ్యి కోస్తుంది. మేం గీత ఎప్పుడో గీశాం. తనని వెళ్ళనివ్వు. మంచాలు జరపడం నాకు ఇష్టం లేదు. బావ.

*

లెక్కల ఆఫీసు, నగరం
వానలు వెనకబడుతున్నాయి

అక్కా,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టుకున్నావో, ఏడ్చావో. నేను వీధులు తిరుగుతున్నాను.

మేడమ్ గారు ఊదా సున్నాని ఒప్పుకోలేదు. ‘ఇళ్ళకి మళ్ళీ వెళ్ళండి. ఈసారి ఆడవాళ్ళని విడిగా కూర్చోబెట్టి అడగండి. పెళ్ళయిందా అని మాత్రమే కాదు, మీ ఇంట్లో ఎవరుంటారు, ఎలా గడుస్తుంది అని కూడా అడగండి’ అన్నారు. నన్నూ పంపారు. అక్కా, నేను వానలో మన వాళ్ళ గుమ్మాలు ఎక్కుతూ దిగుతూ నడిచాను. ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక తెర కనిపించింది. ఒకచోట బీరువా అడ్డంగా పెట్టుకున్నారు. ఒకచోట ఆయన ఎప్పుడూ రాత్రి పని, ఆవిడ పగటి పని, తాళంచెవి ఒక్కటే ఇద్దరి మధ్యా తిరుగుతుంది. ఇంకో ఇంట్లో గోడకి కోటు వేలాడుతోంది. మీ ఆయన ఇంట్లోనే ఉన్నారా అన్నాను. ఆవిడ కోటు దులిపి మళ్ళీ తగిలించి, ‘ఎప్పుడో వెళ్ళిపోయాడమ్మా. కోటు ఉంది కదా, అది చాలు వీధికి’ అంది. పోయినసారి లెక్కలో ఏం చెప్పారని అడిగాను. ‘పెళ్ళయింది అని చెప్పాను. అబద్ధమా? వాడెక్కడుంటాడని వాళ్ళడగలేదు, నేనూ చెప్పలేదు’ అని నవ్వింది. సంతోషంగా ఉన్న జంటల్నీ చూశాను, లేరనను. ఒక ముసలాయన భార్య జడ అల్లుతూ తలుపు తీశాడు, జడ వదిలెయ్యకుండానే. వాళ్ళూ ఊదానే, కోటు ఆవిడా ఊదానే. మా కాగితంలో ఇద్దరూ ఒకే అంకె.

కోటు ఆవిడ ఇంటి మెట్ల మీద కూర్చుని, నీ ఉత్తరం కింద నీకు తెలియకుండా బావ రాసినది మళ్ళీ తీసి చదివాను: మంచాలు జరపడం నాకు ఇష్టం లేదు. బావ నోట ‘ఇష్టం లేదు’ అన్న మాట నేను ఏనాడైనా విన్నానా? తడిసిపోయిన బట్టలతోనే ఐసు దుకాణానికి వెళ్ళాను. అతనూ అక్కడే ఉన్నాడు. మీ ఇద్దరి సంగతీ చెప్పేశాను. చూపించడానికి నాకు నిలబడ్డ కాపురం లేదండీ అన్నాను.

ఆవిడ ఐసు మీద రంపప్పొట్టు కప్పడం పూర్తి చేసింది. అతను ఏదో అనబోతే, ‘నువ్వాగు, బొమ్మలు గీసుకో’ అంది. తర్వాత నాతో, ‘మీ అక్క అన్నేళ్ళు తెరకి ఇవతల కూర్చుని నిన్ను చదివించిందా? ఆయన అవతల కూర్చునా? నేను రెండు పెళ్ళిళ్ళలో కలిపి అంత నిలబడలేదు తల్లీ’ అంది. చేతుల పొట్టు దులుపుకుని, ‘చీర ఎలాగూ కొన్నాను. ఒక ఇల్లు చూద్దామనుకుంటే రెండిళ్ళయ్యాయి, ఒకటి సముద్రం దగ్గర. ఖర్చు ఎక్కువైనా ముందు అక్కడికే పోదాం, చేపలు బాగుంటాయి’ అంది. అతను నవ్వలేదు, నా గొడుగు తెచ్చి చేతికిచ్చాడు. నేను పొద్దున ఆఫీసులో మర్చిపోయిన గొడుగు అది. నువ్వు మర్చిపోకు అని రాసిందే.

వెళ్ళు అక్కా. నేను ఆగమన్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. హోటలాయన వేరే మనిషిని చూసుకుని ఉంటాడని భయంగా ఉంది.

తెర ఏం చేస్తారు? నాకు కావాలి.

నీ చెల్లి

*

సముద్రం ఒడ్డు నుంచి

లెక్కలమ్మకు,

హోటలాయన వేరే మనిషిని చూసుకున్నాడు. ఆ కొత్తావిడ, కిటికీ ఎంత వెడల్పో సరిగ్గా అంతే గుడ్డ తీసి కుట్టిందట. దుప్పట్లు ఆరేసినట్టుందని అతిథులకి చూపించకుండానే విప్పేశారు. మళ్ళీ హోటలాయనే మన కొట్టుకి పరిగెత్తుకొచ్చాడు. నీ ఉత్తరం, ఆయనా ఒక్కరోజు తేడాతో వచ్చారు.

విడాకుల కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. అక్కడి ఆఫీసాయన కారణం ఏమిటని అడిగాడు. నేను మీ బావ వైపు చూశాను, మీ బావ నా వైపు చూశాడు. ‘పిల్ల చదువు పూర్తయింది’ అన్నాడు మీ బావ. ఆ ఆఫీసాయన అలాంటి గడి లేదండీ అన్నాడు. ఏదో ఒకటి రాసుకోమన్నాం. బయటకొచ్చి టీ తాగాం. మీ బావ చక్కెర లేకుండా తాగుతాడని నాకు ఆరోజే తెలిసింది.

ఇంటికెళ్ళి తెర దించాం. గదంతా ఒక్కసారిగా వెలుతురు నిండింది. రెండు కిటికీలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. ఆ గది అంత పెద్దదని నేను మర్చిపోయాను. అంత గుడ్డ ఒక్కళ్ళు మడవలేరు కదా. ఆయన ఆ చివర పట్టుకున్నాడు, నేను ఈ చివర పట్టుకున్నాను. సగానికి మడిచి దగ్గరికి నడిచాం, చివరలు ఆయన చేతిలోంచి అందుకున్నాను, మళ్ళీ దూరం జరిగాం, మళ్ళీ మడిచి దగ్గరికొచ్చాం. ఒక్క మాటా లేదు. ఈసారి నాకు ఊపిరాడింది. ఆఖరి మడత నా చేతికిచ్చి, ‘నీ కుట్టు ఎక్కడా వదల్లేదు’ అన్నాడు. కిందికెళ్ళి గాజు కోసే పనిలో పడ్డాడు.

తెర నీకు పంపిస్తున్నాను. నీ కొత్తింటి కిటికీ కొలత రాయి అనను. బావని పిలిపించుకుని కొలిపించు. ఆయన సుద్దతో నీ గోడ మీద రాస్తాడు, తుడిచెయ్యకు. దాన్ని బట్టి నేనే వచ్చి కుడతాను.

ఇక్కడ గదికి ఒకటే కిటికీ. తెల్లారుతూనే నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీదికొచ్చి ఊగుతుంది. పడుకుని చూస్తుంటే పడవలో ఉన్నట్టే ఉంది. నువ్వు చెప్పింది నిజమే. ఇంకా తెర కుట్టుకోలేదు. ఊరందరి కిటికీలకీ కుడుతున్నాను, దీనికి మాత్రం చెయ్యి రావడం లేదు.

నిన్న ఎవరో తలుపు కొట్టారు. నేనే వెళ్ళి తీశాను. మీ లెక్కల వాళ్ళు ఈ ఊరికీ వచ్చారు. నీ వయసు పిల్ల, నీలాగే కలం చివర కొరుక్కుంటోంది. ఏ మతం, ఏ వర్గం అంది, చెప్పాను. పెళ్ళయిందా అంది. అయింది, విడాకులు తీసుకున్నాను అన్నాను. ఆ పిల్ల తన కాగితం ఒకసారి, నన్నొకసారి చూసింది. మా వాళ్ళలో ఆ గడి నింపడం దానికి అదే మొదటిసారనుకుంటా. ఎక్కడ రాయాలో వేలితో వెతుక్కుని రాసుకుంది.

‘ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అండీ?’ అంది.

‘లేరమ్మా, నేనొక్కదాన్నే. లోపలికి రా, కిటికీ చూద్దువుగాని’ అన్నాను.

అక్క